అటక మీది ఎయిర్‌గన్ మళ్లీ పేలాలంటే

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాన్నది సైకిల్ షాపు, తర్వాత నాది. పంక్చర్లు, హబ్బులు, గాలి పంపులతో పాటు ఏడాదికి నాలుగైదు ఎయిర్‌గన్‌లు కూడా నా బల్ల మీదికి వస్తాయి. తాతగారి అటక సర్దుతుంటే దొరికిందనో, మావయ్య పోయాక బీరువా వెనక కనిపించిందనో గోనెసంచిలో చుట్టి తెస్తారు. తెచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట, "చిన్నప్పుడు దీంతో మామిడికాయలు రాల్చేవాళ్లం, ఇప్పుడు తుస్సుమంటోంది."

తుస్సుమనడానికి కారణం తొంభై శాతం తోలు వాషరు. ఈ తుపాకీలో గాలి నిలవ ఉండదు. కీలు దగ్గర గొట్టాన్ని కిందికి వంచినప్పుడు (మేం విరవడం అంటాం) లోపలి స్ప్రింగు బిగుసుకుంటుంది. ట్రిగ్గరు నొక్కగానే పిస్టన్ ముందుకు దూకి, ఎదుట ఉన్న గాలిని నొక్కి గుండుని తోస్తుంది. పిస్టన్ తలకి ఉండే గిన్నె ఆకారపు తోలు ఎండిపోతే గాలి పక్కనుంచి జారిపోతుంది. సైకిల్ పంపులో వాషరు ఎండితే ఎంత కొట్టినా ట్యూబు ఎక్కదు చూడండి, అదే జబ్బు.

విప్పే ముందు ఒక పరీక్ష ఉంది. గొట్టం విరిచే చోట చిన్న వాషరు ఒకటి ఉంటుంది. గుండు పెట్టి గొట్టం మూశాక ఆ అతుకు మీద బూరుగు దూది పింజ ఒకటి ఉంచి, ఇసుక బస్తాలోకి కాల్చండి. పింజ ఎగిరిపోతే గాలి అక్కడే కారుతోందన్నమాట. ఆ చిన్నది మారిస్తే చాలు, లోపలికి వెళ్లే పనే లేదు. నేనీ పరీక్ష చెయ్యకుండా మొత్తం విప్పేసి రెండు రోజులు వృథా చేసుకున్న సందర్భాలు ఉన్నాయి.

పింజ కదలకపోతే విప్పాల్సిందే. స్ప్రింగు వదులుగా ఉన్నట్టు కనిపించినా లోపల కొంత బిగువు మీదే ఉంటుంది. మొదటిసారి నేను మేకు ఊడగొట్టి వెనక బిరడాని చేత్తో పట్టుకున్నాను. స్ప్రింగు నా చెవి పక్కనుంచి వెళ్లి వసారా పెంకు పగలగొట్టింది. అప్పట్నుంచి వడ్రంగి పొడుగు క్లాంపు బిగించి, మర తిప్పుతూ నెమ్మదిగా వదులుతాను. క్లాంపు లేకపోతే ఆ పని పెట్టుకోకండి.

పాత తోలు పగలకుండా గట్టిపడి మాత్రమే ఉంటే, కుట్టు మిషన్ నూనెలో ఒక రాత్రి నానబెట్టి, పొద్దున్నే గుడ్డతో బాగా పిండి తుడిస్తే మెత్తబడుతుంది. చిరిగితే కొత్తది చేసుకోవచ్చు. చెప్పులు కుట్టే ఆయన దగ్గర మూడు మిల్లీమీటర్ల మందం తోలు బిళ్ల కోయించి, నీళ్లలో నానబెట్టి, పైపు ముక్కలోకి బోల్టుతో లాగి రెండు రోజులు నీడన వదిలేస్తాను. గిన్నెలా ఆరుతుంది. అంచు బ్లేడుతో కోసి, నూనె పట్టించి ఎక్కించడమే. పిస్టన్‌ని గొట్టంలోకి తోస్తే బిగువుగా, కానీ పట్టెయ్యకుండా నడవాలి.

కొబ్బరినూనె మాత్రం పోయకండి. మా కోనసీమలో అన్నిటికీ అదే మందు కాబట్టి చెబుతున్నాను. మాఘమాసం చలికి పేరుకుపోతుంది, పిస్టన్ బద్ధకిస్తుంది. ఆ మాటకొస్తే ఏ నూనె ఎక్కువైనా ముప్పే. పిస్టన్ నొక్కిన వేడికి లోపలి నూనె అంటుకుని ధనామని పేలుతుంది, పొగొస్తుంది. కుర్రాళ్లకి అది భలే సరదా, స్ప్రింగుకి మాత్రం చావు. కొత్త వాషరు వేశాక మొదటి పది పదిహేను దెబ్బలకి కాస్త పొగ సహజం, తర్వాత ఆగాలి. గుండు లేకుండా ఉత్తినే కాల్చడమూ వద్దు, పిస్టన్ వెళ్లి నేరుగా ఇనుముకి కొట్టుకుంటుంది. స్ప్రింగు బిగించి గోడకి ఆనించి మర్చిపోవడం ఇంకా ఘోరం. మా వైపు ఉప్పుగాలికి తుప్పు ఎలాగూ పడుతుంది. నెలకోసారి నూనె గుడ్డతో తుడవండి.

ఇక బీబీ గన్ అంటే ఇది కాదు, చాలామంది కలిపేస్తారు. మన గొట్టాల్లో మరలు, అంటే మెలి తిరిగిన గాడులు ఉంటాయి, సీసం గుళ్లు వెయ్యాలి. బీబీ అనేది ఉక్కు గోళీ, నున్నటి గొట్టానికే పనికొస్తుంది. ఆ పేరు వేటగాళ్ల రవ్వల సైజుల్లో ఒకదానిది. ఉక్కు గోళీని మర గొట్టంలో వేస్తే మరలు అరుగుతాయి.

డాలస్‌లో మా మేనల్లుడింట్లో డైసీ కంపెనీ రెడ్ రైడర్ అనే బీబీ గన్ కాల్చాను. 1940లో ఒక కౌబాయ్ బొమ్మల కథ హీరో పేరు పెట్టి తెచ్చినది, ఇప్పటికీ చేస్తూనే ఉన్నారు. 650 గోళీలు పడతాయి, కిందున్న పిడి ఒక్కసారి లాగితే సిద్ధం. ఇప్పటి దానికి ట్రిగ్గరు దగ్గర సేఫ్టీ మీట ఉంది. చెక్క, తోలు తాడు అలాగే ఉన్నాయి. ఆ కంపెనీ మొదట గాలిమరలు చేసేదట. మర కొన్న రైతుకి తుపాకీ ఉచితంగా ఇస్తే, చివరికి తుపాకీయే ఎక్కువ అడిగారు. 1895లో పేరే డైసీ అని మార్చేశారు. మావాడు సూట్‌కేసులో పెట్టి పంపిస్తానన్నాడు. వద్దన్నాను, కస్టమ్స్ దగ్గర ఆ టెన్షన్ మనకెందుకు?

ఇక్కడ కొత్తది కొనాలంటే 0.177 అంగుళాల బోరు (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌళ్ల లోపు శక్తి ఉన్నవాటికి లైసెన్సు అక్కర్లేదు. షాపులో గుర్తింపు కార్డు ఇచ్చి, బిల్లు దాచుకోండి. నా సలహా అడిగితే కాల్చుకోడానికి కొత్తది కొనండి, పాతదాన్ని మాత్రం అమ్మకండి. కొత్తది గురి తప్పదు, కానీ పాతదానికున్న ఆ నూనె, తోలు కలిసిన వాసన దీనికి రాదు. తీర్థాల్లో దొరికే పసుపు ప్లాస్టిక్ గోళీల తుపాకీ వేరే సరుకు. దానితోనూ కన్ను పోతుంది, పిల్లలకి కళ్లద్దాలు పెట్టండి.

పిట్టల జోలికి వెళ్లకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉందనే కాదు, మావయ్య కొట్టిన కొంగని చూశాక వారం రోజులు నాకు అన్నం సహించలేదు. డబ్బా కాల్చండి. వెనక ఇసుక బస్తా పెట్టండి. ఉక్కు గోళీ అయితే ఇసుక కన్నా కొబ్బరి పొట్టు నింపిన గోనె మేలు, తిరిగి ఎగిరి రాదు.

అంతర్వేది తీర్థంలో బెలూన్ల దుకాణం పెట్టే ఆయన ఏటా భీష్మ ఏకాదశికి ముందు పంటు పడవ దిగి నా షాపుకొస్తాడు. నాలుగు తుపాకీలకీ వాషర్లు వేయించుకుంటాడు. పోయినేడాది ముందు గురి పుల్ల వంకరగా ఉందని సరిచెయ్యబోతే నా చెయ్యి పట్టుకుని, "అది ముట్టుకోకు బాబూ, నా జీవనం అదే" అన్నాడు. కుడినుంచి రెండోది ఎడమకి లాగుతుంది. బెలూన్ కుడి అంచుకి గురి పెట్టండి.