వెబ్‌వ్యూ బిల్డ్ అయింది, ఫోన్‌లో మాత్రం పాతదే నడుస్తోంది: క్రోమియం ఆండ్రాయిడ్ బిల్డ్ సమస్యలు - పరిష్కారాలు

ఆండ్రాయిడ్ యాప్‌ల లోపల వెబ్ పేజీలు చూపించేది వెబ్‌వ్యూ. దాన్ని క్రోమియం (క్రోమ్ బ్రౌజర్‌కి మూలమైన ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్) సోర్స్ నుంచి సొంతంగా బిల్డ్ చేసుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. డిపో టూల్స్ (క్రోమియం బిల్డ్‌కి వాడే స్క్రిప్ట్‌ల కట్ట) పాత్‌లో పెట్టుకోవడం, ఫెచ్ కొట్టి సోర్స్ దించుకోవడం, ఏడీబీ (పీసీ నుంచి ఫోన్‌కి కమాండ్లు పంపే టూల్) వాడటం మీకు వచ్చనే అనుకుంటున్నాను. లైనక్స్ మెషిన్, డిస్క్‌లో కనీసం 100 జీబీ ఖాళీ ఉన్నాయనీ అనుకుంటున్నాను. ఆండ్రాయిడ్ బిల్డ్‌కి విండోస్, మ్యాక్ సపోర్ట్ లేదు. వాటి మీద కుస్తీ పడుతుంటే ఇక్కడే ఆపేసి లైనక్స్ వేసుకోండి.

ఎవరు ఎర్రర్ స్క్రీన్‌షాట్ పంపినా నేను అడిగేవి రెండే. జీక్లయింట్ సింక్, అంటే కావాల్సిన కోడ్ అంతా దించే కమాండ్, చివరిదాకా ఎర్రర్ లేకుండా అయిందా? లాగ్‌లో మొట్టమొదటి 'ఫెయిల్డ్' లైన్ చూశారా? పదిమందిలో ఎనిమిది మంది రెండూ చూసి ఉండరు. బిల్డ్‌ని నడిపే నింజా ఒకేసారి బోలెడు ఫైళ్లు కంపైల్ చేస్తుంది. ఒకటి పడిపోయినా, అప్పటికే మొదలైన మిగతావి పూర్తయ్యాకే ఆగుతుంది. అందుకే టెర్మినల్ అడుగున కనబడే నాలుగు లైన్లకీ అసలు తప్పుకీ సంబంధం ఉండకపోవచ్చు. అవుట్‌పుట్‌ని ఒక ఫైల్‌లోకి మళ్లించి, పైనుంచి కిందికి వెతకండి.

జీఎన్ జెన్ దగ్గరే ఆగిపోతోంది

ఇంతకుముందు డెస్క్‌టాప్ క్రోమియం బిల్డ్ చేసి, అదే ఫోల్డర్‌లో ఆండ్రాయిడ్‌కి మారినవాళ్లకి ఈ సమస్య ఎక్కువ. (జీఎన్ జెన్ అంటే కంపైల్ మొదలయ్యే ముందు నింజాకి కావాల్సిన ఫైళ్లు తయారుచేసే కమాండ్.) ఆర్గ్స్‌లో, అంటే బిల్డ్ సెట్టింగ్స్ ఫైల్‌లో, టార్గెట్ ఓఎస్ ఆండ్రాయిడ్ అని రాస్తారు కానీ, ఆండ్రాయిడ్‌కి కావాల్సిన లైబ్రరీలు అసలు డౌన్‌లోడే అయి ఉండవు. ఏం దించాలో నిర్ణయించేది ఆర్గ్స్ కాదు, డాట్ జీక్లయింట్ అనే ఫైల్. అది సోర్స్ ఫోల్డర్‌కి ఒక మెట్టు పైన ఉంటుంది, పేరు చుక్కతో మొదలవుతుంది కాబట్టి మామూలుగా కనబడదు. అందులోనూ టార్గెట్ ఓఎస్ లిస్ట్‌లో ఆండ్రాయిడ్ చేర్చి, మళ్లీ సింక్ చేయండి.

లాస్ట్‌చేంజ్ అనే ఫైల్ దొరకలేదని ఏడిస్తే కారణం ఇంకా చిన్నది. ఫెచ్ చేసేటప్పుడు నో హుక్స్ (కోడ్ దించాక నడవాల్సిన స్క్రిప్ట్‌లు వద్దు) అని పెట్టి, తర్వాత రన్‌హుక్స్ కొట్టడం మర్చిపోయారు. జీక్లయింట్ రన్‌హుక్స్ ఒకసారి నడిపితే సరిపోతుంది.

నిన్నటిదాకా బాగానే ఉంది, పుల్ చేశాక హెడర్ ఫైల్ దొరకడం లేదంటోంది

క్రోమియం ఒక్క రిపో (గిట్ కోడ్ నిల్వ) కాదు. వీ8 (జావాస్క్రిప్ట్ ఇంజిన్), స్కియా (గ్రాఫిక్స్ లైబ్రరీ) లాంటివన్నీ వేరే రిపోలు. వాటిలో ఏది ఏ కమిట్ దగ్గర ఉండాలో డెప్స్ ఫైల్ చెబుతుంది. మీరు గిట్ పుల్ కొట్టినా, ట్యాగ్ మార్చినా అన్నిటికీ పైన ఉన్న ప్రధాన రిపో మాత్రమే ముందుకి కదులుతుంది, మిగతావి నిన్నటి చోటే ఉంటాయి. మీరు ముట్టుకోని ఫైల్‌లో, అదీ థర్డ్ పార్టీ ఫోల్డర్‌లో ఎర్రర్ వస్తే నూటికి తొంభైసార్లు ఇదే. బ్రాంచ్ మారిన ప్రతిసారీ పెద్ద డీ (-D) ఆప్షన్‌తో జీక్లయింట్ సింక్ చేయండి. ఇక అక్కర్లేని పాత ఫోల్డర్లని కూడా అది తీసేస్తుంది.

ఆ సబ్‌ఫోల్డర్లలో మీరే ఏదైనా మార్చి కమిట్ చేయకుండా వదిలేస్తే సింక్ మధ్యలో అలుగుతుంది. అప్పుడు కోపంతో ఫోర్స్, రీసెట్ ఆప్షన్లు కొట్టకండి. ముందు ఆ ఫోల్డర్‌లోకి వెళ్లి గిట్ స్టేటస్ చూడండి. రెండు రోజుల పని అలా గాలికి పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

బిల్డ్ మధ్యలో 'కిల్డ్' అని ఆగిపోతోంది

ర్యామ్ చాల్లేదు. లైనక్స్ కెర్నల్ లాగ్ చూపించే dmesg కమాండ్‌లో 'అవుట్ ఆఫ్ మెమరీ' ఉందో లేదో చూసుకోండి. 16 జీబీ కంటే తక్కువ ఉన్న ల్యాప్‌టాప్‌లో లింకింగ్ (కంపైల్ అయిన ముక్కల్ని కలిపే) దశ దాటడం కష్టమే. ఆర్గ్స్‌లో ఈజ్ డీబగ్ ఫాల్స్, సింబల్ లెవెల్ సున్నా పెట్టండి, బిల్డ్ మొదలుపెట్టే కమాండ్ ఆటోనింజాకి జె ఆప్షన్‌తో జాబ్‌ల సంఖ్య నాలుగుకి తగ్గించండి, స్వాప్ పెంచండి. టైమ్ పడుతుంది. రాత్రి పెట్టేసి పడుకోండి.

బిల్డ్ అయింది, ఇన్‌స్టాల్ సక్సెస్ అంది, కానీ నా మార్పు కనబడటం లేదు

అసలు విషయం ఇక్కడుంది. ఇది నన్ను రెండు రోజులు తిప్పలు పెట్టింది.

ఎమ్యులేటర్‌లో (పీసీలో నడిచే నకిలీ ఫోన్) చిన్న విషయం పరీక్షించాలనుకున్నాను. సీ ప్లస్ ప్లస్ కోడ్‌లో ఒక్క లాగ్ లైన్ పెట్టి, సిస్టమ్ వెబ్‌వ్యూ ఏపీకే బిల్డ్ చేసి, ఏడీబీ ఇన్‌స్టాల్ కొట్టాను. సక్సెస్ అంది. ఫోన్ లాగ్ చూపించే లాగ్‌క్యాట్‌లో నా లైన్ లేదు. లాగ్ లెవెల్ తప్పేమో అనుకున్నాను. ఆ ఫంక్షన్ పిలవడమే లేదేమో అనుకుని ఇంకో ఐదు చోట్ల పెట్టాను. అవుట్ ఫోల్డర్ మొత్తం తీసేసి మొదటి నుంచి బిల్డ్ చేశాను, దానికే ఒక రాత్రి పోయింది. చివరికి విసుగొచ్చి కావాలనే క్రాష్ అయ్యే కోడ్ రాశాను. యాప్ హాయిగా నడుస్తూనే ఉంది. అప్పుడు తట్టింది, నా కోడ్‌ని అసలు ఎవరూ పిలవడం లేదని.

ఎందుకంటే, ఆండ్రాయిడ్ 5.0 నుంచి వెబ్‌వ్యూ ఒక విడి ప్యాకేజీ. ఫోన్‌లో అలాంటివి ఒకటికి మించి ఉండొచ్చు. యాప్‌లకి ఏది ఇవ్వాలో సిస్టమే ఎంచుకుంటుంది. మనం ఇన్‌స్టాల్ చేసినంత మాత్రాన మనది ఎక్కదు. ఫ్రేమ్‌వర్క్‌లో ఒక ఆమోదిత ప్యాకేజీల లిస్ట్ ఉంటుంది. అందులో పేరు లేని ప్యాకేజీని సిస్టమ్ కన్నెత్తి కూడా చూడదు. నేను బిల్డ్ చేసినదాని పేరు కామ్ డాట్ ఆండ్రాయిడ్ డాట్ వెబ్‌వ్యూ, అది డిఫాల్ట్. నా ఎమ్యులేటర్‌లో నడుస్తున్నది గూగుల్ ఏపీఐల ఇమేజ్ (ఆండ్రాయిడ్ సిస్టమ్ కాపీ), దాని లిస్ట్‌లో ఉన్నది కామ్ డాట్ గూగుల్ డాట్ ఆండ్రాయిడ్ డాట్ వెబ్‌వ్యూ. పేర్లు వేరు కాబట్టి గొడవ లేకుండా ఇన్‌స్టాల్ అయిపోయింది, ఒక మూలన కూర్చుంది. ఎర్రర్ వచ్చుంటే పది నిమిషాల్లో తేలిపోయేది. సక్సెస్ అనే మాటే కొంప ముంచింది.

ఇప్పుడు నేను ఎవరికైనా ముందు చెప్పే కమాండ్ ఇది: ఏడీబీ షెల్ డంప్‌సిస్ వెబ్‌వ్యూఅప్‌డేట్. 'కరెంట్ వెబ్‌వ్యూ ప్యాకేజ్' అన్న చోట పేరు, వెర్షన్ చూడండి. అది మీది కాకపోతే కోడ్ వైపు వెళ్లకండి, ఆ అవుట్‌పుట్‌లోనే కింద ఉన్న ప్యాకేజీల లిస్ట్ చదవండి. మీ ప్యాకేజీ పేరే లేకపోతే అది ఆమోదిత లిస్ట్‌లో లేదు. 'ఇన్‌వ్యాలిడ్' అని ఉంటే పక్కనే కారణం కూడా రాసి ఉంటుంది: సంతకం (ఏపీకే ఎవరు తయారుచేశారో చెప్పే డిజిటల్ ముద్ర) సరిపోలేదనో, వెర్షన్ కోడ్ తక్కువనో, టార్గెట్ ఎస్‌డీకే తక్కువనో. 'వ్యాలిడ్' అని ఉండి ఎంపిక కాలేదంటే మీరే ఎంచుకోవాలి. డెవలపర్ ఆప్షన్స్‌లో 'వెబ్‌వ్యూ ఇంప్లిమెంటేషన్' ఉంటుంది, లేదా అవుట్ ఫోల్డర్ లోపల బిన్‌లో మీ టార్గెట్ పేరుతోనే ఒక స్క్రిప్ట్ తయారై ఉంటుంది, దానికి సెట్ వెబ్‌వ్యూ ప్రొవైడర్ అని చెప్పొచ్చు. మారిన మరుక్షణం వెబ్‌వ్యూ వాడుతున్న యాప్‌లని సిస్టమే మూసేస్తుంది. యాప్ ఠక్కున మాయమైతే టెన్షన్ పడకండి, అది మంచి శకునమే.

పేరు లిస్ట్‌లో లేనప్పుడు, ఆర్గ్స్‌లో సిస్టమ్ వెబ్‌వ్యూ ప్యాకేజ్ నేమ్ అనే విలువని లిస్ట్‌లో ఉన్న పేరుకి మార్చి బిల్డ్ చేయండి. ఇప్పుడు ఇన్‌స్టాల్ దగ్గర 'అప్‌డేట్ ఇన్‌కంపాటిబుల్' అని వస్తుంది. అదే పేరుతో ఇమేజ్‌లో ముందే ఉన్న దాని సంతకం వేరు, మీది వేరు. ఎమ్యులేటర్‌ని రైటబుల్ సిస్టమ్ ఆప్షన్‌తో లేపి, ఆండ్రాయిడ్ వెబ్‌వ్యూ టూల్స్ ఫోల్డర్‌లో ఉన్న రిమూవ్ ప్రీఇన్‌స్టాల్డ్ వెబ్‌వ్యూ స్క్రిప్ట్ నడిపి, ఆ తర్వాత మీది పెట్టండి.

ఒక్కటి గుర్తుంచుకోండి, ఎమ్యులేటర్ ఇమేజ్ ఎంచుకునేటప్పుడు ప్లే స్టోర్ ఉన్నది తీసుకోవద్దు. అది యూజర్ బిల్డ్, అంటే షాపులో కొన్న ఫోన్ లాంటిదే, పైన చెప్పిన ఆటలేవీ సాగవు. మీ చేతిలో ఉన్న మామూలు ఫోన్‌కీ ఇదే వర్తిస్తుంది, సంతకం తనిఖీ దాటి మీ వెబ్‌వ్యూ ఎక్కదు. ఎలాగైనా ఆ ఫోన్‌లోనే చూడాలంటే, మీ మార్పు బ్లింక్‌లోనో (పేజీని గీసే ఇంజిన్) వీ8లోనో ఉన్నట్టయితే క్రోమ్ పబ్లిక్ ఏపీకే బిల్డ్ చేసి మామూలు యాప్‌లా పెట్టుకోండి. లోపలి ఇంజిన్ అదే. మార్పు వెబ్‌వ్యూ కోడ్‌లోనే ఉంటే మాత్రం ఎమ్యులేటర్ తప్పదు.

'మ్యాచింగ్ ఏబీఐలు లేవు' అంటోంది

ఏబీఐ అంటే ఏపీకే ఏ రకం ప్రాసెసర్‌కి తయారైందో చెప్పేది. మీరు పెట్టిన టార్గెట్ సీపీయూ తప్పు. ఆర్గ్స్‌లో ఏమీ చెప్పకపోతే 32 బిట్ ఆర్మ్‌కి బిల్డ్ అవుతుంది. ఇప్పటి ఫోన్లకి ఆర్మ్64, ఇంటెల్ పీసీలో నడిచే ఎమ్యులేటర్‌కి ఎక్స్64 పెట్టండి. అనుమానంగా ఉంటే గెట్‌ప్రాప్ కమాండ్‌తో ఫోన్‌నే అడగండి.

మిగతావి అరుదు. డిపో టూల్స్ పెట్టిన పాత్‌లో స్పేస్ ఉంటే తీసేయండి. నింజాతో బిల్డ్ చేసిన ఫోల్డర్‌లో సిసోతో (నింజా బదులు వచ్చిన బిల్డ్ టూల్) మొదలుపెట్టినప్పుడు గొడవ చేస్తే జీఎన్ క్లీన్ కొట్టండి. పైథాన్ వెర్షన్ గురించి చాలామంది అడుగుతుంటారు, డిపో టూల్స్ తన పైథాన్ తానే తెచ్చుకుంటుంది, దాని జోలికి వెళ్లకండి.