పాదు తడిగానే ఉంది, ఫౌంటెన్ గడ్డి ఎందుకు ఎండుతోంది?

నర్సరీ కవర్లో ఉన్నన్నాళ్లూ కళకళలాడిన పర్పుల్ ఫౌంటెన్ గడ్డి (అందానికి పెంచే ఊదారంగు ఆకుల గడ్డి), ఇంటికొచ్చి నేలలో దిగిన నెలకే కొసలు మాడి, నడుమ ఎండి గరగరలాడుతుంది. పాదు చూస్తే తడిగానే ఉంటుంది. దాంతో కొందరు నీళ్లు పెంచుతారు, ఇంకొందరు వేరుకుళ్లని మందు పోస్తారు. ఈ రెండింటికీ ముందు ఒక్క పని చేయండి. కొబ్బరి చీపురుపుల్ల ఒకటి తీసుకుని దుబ్బు మొదట్లో, పిలకల మధ్య దించండి. పాదులో కాదు, సరిగ్గా దుబ్బు నడుమ. వేలు పెట్టి చూశామనే వాళ్లంతా పాదులోనే పెట్టి చూస్తారు, అసలు సంగతి అక్కడ తెలియదు.

పుల్ల నాలుగు వేళ్ల లోతు దిగి, తడిమట్టి అంటుకుని వస్తే కారణం వేరే ఉంది, కింద ‘మిగతా లక్షణాలు’ చూడండి. రెండు వేళ్ల లోతు కూడా దిగకుండా వంగిపోయినా, దిగినా పొడిగా వచ్చినా, చుట్టూ నీళ్లున్నా మొక్కకు అందడం లేదన్నమాట.

లోపలి ముద్ద ఎండిపోవడం

బెంగళూరు నర్సరీల నుంచి వచ్చే కవర్లలో చాలావాటిలో జిగట ఎర్రమట్టే ఉంటుంది. మొక్క నిలబడుతుంది, బండిలో వేసినా ముద్ద విడిపోదు. ఆ ముద్దను మనం కోకోపీటు (కొబ్బరిపొట్టు), వర్మీకంపోస్టు కలిపిన గుల్ల మట్టిలో దించుతాం. ఒక్కసారి ఆరిందంటే జిగటమట్టి కుంచించుకుపోతుంది. ముద్దకూ చుట్టూ ఉన్న మట్టికీ మధ్య సన్నని సందు పడుతుంది. పోసిన నీళ్లన్నీ ఆ సందులోంచి కిందికి జారిపోతాయి. పక్క మట్టిలోని తడి కూడా ఆ సందు దాటి ముద్దలోకి రాదు. వేళ్లేమో ఇంకా ముద్దలోనే చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. డ్రిప్పు గొట్టం దుబ్బుకు జానెడు దూరంలో పెట్టినవాళ్లకు ఇది ఇంకా తొందరగా వస్తుంది.

దీనికంటే ముందు చూసుకోవాల్సింది ఇంకొకటి ఉంది: కవరు పూర్తిగా తీశారా? అడుగున చీరి, అలాగే గుంటలో పెట్టి మట్టి కప్పేసిన మొక్కలు ఎన్నో ఉంటాయి. మాలీతో నాటిస్తే ఆ కాసేపు పక్కన నిలబడండి.

వేరుకుళ్లుకూ దీనికీ తేడా తవ్వితే తెలిసిపోతుంది. కుళ్లితే వేళ్లు నల్లబడి, మెత్తబడి, లాగితే పైపొర ఊడి చేతికి వస్తుంది, మురుగు వాసన కొడుతుంది. ఇక్కడ వేళ్లు గట్టిగానే ఉంటాయి. ముద్దను చేత్తో నలిపితే లోపలి మట్టి ఇటుకపొడిలా రాలుతుంది.

సరిచేయడం ఇలా. సాయంత్రం పూట దుబ్బు చుట్టూ తవ్వి ముద్దతో సహా లేపండి. బకెట్ నీళ్లలో ముంచి పెడితే బుడగలు వస్తాయి. అవి ఆగేదాకా ఉంచండి, అరగంట నుంచి ముప్పావుగంట పట్టవచ్చు. బయటికి తీసి, పైపై జిగటమట్టిని మూడోవంతు వరకు వేళ్లతో రాల్చండి. అడుగున చాపలా అల్లుకున్న వేళ్లను పాత కత్తితో రెండు సెంటీమీటర్ల మందాన కోసేయండి. పక్కల మూడు నాలుగు చోట్ల నిలువుగా, రెండు సెంటీమీటర్ల లోతున గాట్లు పెట్టండి. వేళ్లు తెగుతాయని భయపడి గాట్లు మానేస్తే మళ్లీ ఇదే జరుగుతుంది, కొత్త వేళ్లు బయటికి వచ్చేది ఆ గాట్ల దగ్గరే. ఆకులు సగానికి కత్తిరించండి.

గుంట ముద్దకు రెండింతల వెడల్పు ఉండాలి, లోతు మాత్రం ముద్దంతే. మూడు పాళ్లు మీ నేల మట్టి, ఒక పాలు కంపోస్టు కలిపి నింపండి. ఒట్టి కోకోపీటు వద్దు. దుబ్బు మొదలు నేలకు ఒక సెంటీమీటరు పైనే ఉండాలి, మట్టిలో పూడితే అక్కడ కుళ్లుతుంది. మూడు వారాలపాటు రోజూ పొద్దున్నే రెండు లీటర్లు నేరుగా దుబ్బు మొదట్లో, సన్నగా, నింపాదిగా పోయండి. వాన బాగా పడిన రోజు మానేయవచ్చు. డ్రిప్పు ఉంటే గొట్టం మొదలు దగ్గరికి జరపండి. కొత్త ఆకు వచ్చి నిలదొక్కుకున్నాకే పాదు వెడల్పు చేయండి. జూన్, జూలై మబ్బు రోజులు ఈ పనికి మంచివి. ఏప్రిల్‌లో చేయక తప్పకపోతే వారంపాటు గ్రీన్ నెట్ కట్టండి.

మిగతా లక్షణాలు

ఊదారంగు పోయి ఆకుపచ్చగా, పొడుగ్గా సాగితే ఎండ చాలలేదని అర్థం. ఫౌంటెన్ గడ్డికి రోజుకు అయిదారు గంటల నేరు ఎండ కావాలి. 30×40 అడుగుల సైటులో కాంపౌండు గోడకూ ఇంటికీ మధ్య సందులో అంత ఎండ రాదు, ఎరువు వేసినా ఊదారంగు రాదు. అక్కడ మోండో గడ్డి వేయండి. పేరుకే గడ్డి, నిజానికి ఆ కుటుంబం కాదు, నీడను తట్టుకుంటుంది.

ఎండ బాగా తగిలినా దుబ్బు విచ్చుకుని పడిపోతుంటే యూరియానో, పేడ ఎరువో ఎక్కువైంది. ఆపేయండి. ఈ గడ్డికి ఏడాదికి గుప్పెడు కంపోస్టు సరిపోతుంది.

రెండు మూడేళ్ల దుబ్బు మధ్యలో బోడిగా మారి అంచుల్లోనే పచ్చగా ఉంటే రోగం కాదు, ముదిరింది. జూన్‌లో తవ్వి, నడుమ ఎండిన భాగం పారేసి, అంచు పిలకల్ని అయిదారు చొప్పున విడదీసి, రెండడుగుల ఎడంలో నాటండి.

ఆకు కొసలే మాడి, కుండీ అంచున తెల్లని పొర కనిపిస్తే నీళ్లలో ఉప్పు ఎక్కువ. ఆర్‌వో ఫిల్టర్ నుంచి వదిలేసే నీళ్లు కుండీలకు పోయకండి. బోరు నీళ్లే గతి అయితే నెలకొకసారి వాననీళ్లో, కావేరి కుళాయి నీళ్లో అడుగు రంధ్రంలోంచి ధారగా కారేదాకా పోసి ఉప్పు కడిగేయండి.

తుప్పు తెగులు, పిండినల్లి అరుదు. కనిపిస్తే ఆ పిలకల్ని మొదలంటా కోసి పారేస్తే చాలు. పంపాస్ గడ్డినైతే చేతులకు గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, ఆకు అంచు బ్లేడులా కోస్తుంది.