అడ్మిషన్ల డేటా ఎక్కించే ముందు: సంఖ్యలు, స్ట్రింగుల మార్పిడిలో జాగ్రత్తలు

అడ్మిషన్ల కాలం వస్తే, దరఖాస్తుల ఎక్సెల్ ఫైళ్లను డేటాబేసులోకి ఎక్కించే పని కాలేజీలో ఎవరో ఒక కుర్ర ప్రోగ్రామర్ నెత్తిన పడుతుంది. అంకెల్లో ఉన్నదల్లా సంఖ్యే అనుకోవడంతోనే చిక్కులు మొదలవుతాయి.

ఒక్కో కాలమ్‌ను చూసి అడగండి: దీన్ని ఎప్పుడైనా కూడతామా? ఫోన్ నంబరును, ఆధార్‌ను, బ్యాంకు ఖాతాను ఎవరూ కూడరు. వాటిని స్ట్రింగుగానే, అంటే అక్షరాల వరుసగానే ఉంచండి. 00412 అనే దరఖాస్తు నంబరును సంఖ్యగా మారిస్తే 412 మిగులుతుంది. ముందు ఎన్ని సున్నాలుండేవో ఆ తర్వాత చెప్పడం కష్టం. ఎక్సెల్ 15 అంకెల వరకే నిలుపుకుంటుంది. 16 అంకెలు టైపు చేస్తే చివరిది చప్పుడు లేకుండా సున్నా అయిపోతుంది. ఆధార్‌లో ఉన్నవి 12 అంకెలే కదా అని ధీమా వద్దు. మామూలు ఫార్మాట్‌లో అది 1.23457E+11 లాగా కనిపిస్తుంది, అలాగే సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైలుగా) సేవ్ చేస్తే మిగతా అంకెలు పోయినట్టే. కాబట్టి నంబర్లు నింపకముందే కాలమ్‌ను టెక్స్ట్‌గా పెట్టాలి.

ఈ బెడద మనకే కాదు. 'సెప్ట్1' లాంటి జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తుంటే, విసిగిన శాస్త్రవేత్తలు చివరికి జన్యువు పేరునే 'సెప్టిన్1' చేసుకున్నారు. 2020లో వచ్చిన నామకరణ మార్గదర్శకాల్లో ఈ సంగతి ఉంది. సాఫ్ట్‌వేర్ మొండితనం ముందు విజ్ఞానశాస్త్రమే తగ్గింది!

ఇక నిజంగా కూడవలసినవి ఫీజులు. '1,25,000'ను జావాస్క్రిప్ట్‌లో స్ట్రింగును సంఖ్యగా మార్చే పార్స్‌ఫ్లోట్ ఫంక్షన్‌కు ఇస్తే మొదటి కామా దగ్గరే ఆగి 1 అంటుంది. లక్షా పాతికవేలు ఒక్క రూపాయి అయినా ఎర్రర్ రాదు. ఖాళీ గడిని అందులోని నంబర్ ఫంక్షన్ సున్నాగా చదువుతుంది. ఫీజు తెలియని విద్యార్థి ఫీజు లేని విద్యార్థి అవుతాడు. స్ట్రింగులుగానే ఉన్న '500' + '250' చేస్తే, రెండూ పక్కపక్కన అతుక్కుని 500250 వస్తుంది. తీసివేత మాత్రం సరిగ్గానే 250 ఇస్తుంది కాబట్టి ఒక్క తీసివేతతో పరీక్షించి ఊరుకోకండి. పైతాన్‌లో స్ట్రింగును పూర్ణసంఖ్యగా మార్చే ఇంట్ ఫంక్షన్ కామాను, ఖాళీ స్ట్రింగును చూడగానే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. నాకు ఆ గయ్యాళితనమే నచ్చుతుంది. చిత్రంగా, అదే ఫంక్షన్ తెలుగు అంకెల్లో '౧౨౫' అని ఇస్తే 125గా చక్కగా చదువుతుంది, జావాస్క్రిప్ట్ చదవలేదు.

పైసలుంటే, దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే ఫ్లోట్ వద్దు, ఉన్నదున్నట్టు దాచే డెసిమల్ వాడండి. దానికి కూడా విలువను స్ట్రింగుగానే ఇవ్వాలి.

ఎక్కించాక ఫీజుల మొత్తాన్ని, వరుసల లెక్కను అసలు ఫైలుతో సరిచూడండి. మార్పిడికి లొంగని వరుసలను సున్నా చేసి దాటేయకుండా వేరే ఫైలులో పెట్టి, అడ్మిషన్ల గుమాస్తా చేతికివ్వండి.