కుక్కను చూసే డాక్టరుతో పొసగడం లేదా? తేడా ఎక్కడుందో చూడండి

సమస్య: "డాక్టరు గారు రెండు నిమిషాల్లో చూసి పంపించేశారు."

కారణం: చాలాసార్లు మనం చెప్పే తీరులోనే ఉంటుంది. "రెండ్రోజుల నుంచి డల్‌గా ఉందండీ" అంటే డాక్టరుకు అందులో దొరికేదేమీ లేదు. పైగా కుక్కకు అన్నం పెట్టేది అమ్మ, ఆసుపత్రికి తీసుకొచ్చేది అబ్బాయి. విరేచనం ఏ రంగులో ఉందని అడిగితే అక్కడి నుంచి ఇంటికి ఫోన్లు.

పరిష్కారం: బయల్దేరే ముందే ఫోన్లో రాసుకోండి. చివరిసారి ఎప్పుడు తింది, వాంతులు ఎన్నయ్యాయి, నీళ్లు తాగుతోందా, మూత్రం పోస్తోందా. కుంటడం, దగ్గు, ఫిట్స్ అయితే వీడియో తీయాల్సిందే. ఇంట్లో మూడు కాళ్ల మీద నడిచిన కుక్క ఆసుపత్రి గుమ్మం తొక్కగానే భయానికి నాలుగో కాలూ మోపేస్తుంది. మీరేమో లేనిది చెబుతున్నట్టు ఉంటుంది.

సమస్య: "మందులు వాడినా జ్వరం మళ్లీ వచ్చింది. ఈ డాక్టరు వల్ల కాదు."

కారణం: టిక్ ఫీవర్ విషయంలో ఈ మాట తరచూ వినిపిస్తుంది. పిడుదుల వల్ల వచ్చే ఎర్లికియా జ్వరానికి మామూలుగా డాక్సీసైక్లిన్ రాస్తారు, అదీ దాదాపు 28 రోజులు. రెండు మూడు రోజులకే కుక్క లేచి తోక ఊపుతుంది, గిన్నె ఖాళీ చేస్తుంది. "తగ్గిపోయిందిగా, ఇంకా ఎందుకీ వేడి చేసే మందులు" అని ఇంట్లో స్ట్రిప్పు పక్కన పడేస్తారు. క్రిమి మాత్రం ఒంట్లోనే ఉంటుంది. ఇంకొకటి, మాత్రను పెరుగన్నంలో కలిపి పెట్టడం. పాలు, పెరుగులో ఉండే కాల్షియం ఈ మందును ఒంటికి సరిగా పట్టనివ్వదు. అలాగని ఖాళీ కడుపున వేస్తే కక్కేయొచ్చు.

పరిష్కారం: చికెన్ ముక్కలోనో ఉడికించిన గుడ్డులోనో పెట్టి తినిపించి, వెంటనే నీళ్లు తాగించండి. మాత్ర ఉమ్మేసినా, ఓ పూట మరిచిపోయినా, ఇక ఆపేద్దామనిపించినా ముందు డాక్టరుకు చెప్పండి. చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో పిడుదులు ఉండిపోతే ఎంత మంచి మందైనా జ్వరం తిరగబెట్టొచ్చు.

సమస్య: "ఇంట్లో ఏమిచ్చారని అడిగి కసురుకున్నారు."

కారణం: కుంటుతోందని మీ ఐబుప్రొఫెన్ మాత్ర వేసి, తిడతారని దాచారు. విషయం తెలియక డాక్టరు మెలోక్సికామ్ ఇంజెక్షన్ ఇస్తే రెండూ ఒకే జాతి నొప్పి మందులు. కడుపులో పుండ్లు పడొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు.

పరిష్కారం: ఏమిచ్చారో, ఎన్ని ఎంజీయో, ఏ టైముకో లోపలికి వెళ్లగానే చెప్పేయండి. తిట్లు పడితే పడండి. కుక్క కరిచే రకమైతే అదీ ముందే చెప్పాలి. కరిచినందుకు కాదు, "ఏమీ అనదండీ" అని మీరు హామీ ఇచ్చినందుకే ఎక్కువ కోపం వస్తుంది. మూతికి తొడిగే బుట్టలాంటి మజిల్ కొని ఇంట్లోనే అలవాటు చేయండి, అందులో అయితే వగరుస్తూ ఊపిరి తీసుకోగలదు.

సమస్య: బిల్లు చూస్తే టెన్షన్.

కారణం: బడ్జెట్ గురించి మొదట ఎవరూ నోరు విప్పరు.

పరిష్కారం: మొహమాటం వదిలి అడగండి: "ఈ పరీక్షల్లో ఇవాళే చేయాల్సింది ఏది? దేని రిపోర్టును బట్టి మందు మారుతుంది?" బేరం ఆడటం వేరు, ఇది వేరు. ఇలా అడిగితే నొచ్చుకునే డాక్టర్లు తక్కువే.

సమస్య: రాత్రి వాట్సాప్‌కు జవాబు లేదు.

కారణం: ఫొటో చూసి మందు చెప్పడం చాలాసార్లు కుదరదు. వాళ్లూ నిద్రపోతారు.

పరిష్కారం: ఏ వేళల్లో ఫోన్ చేయొచ్చో, రాత్రిపూట ఎక్కడికి తీసుకెళ్లాలో కుక్క బాగున్నప్పుడే కనుక్కోండి. కడుపు ఉబ్బి, కక్కబోయినా ఏమీ రాకపోతుంటే, చిగుళ్లు తెల్లబడితే, మూత్రం ఆగిపోతే, ఫిట్స్ 5 నిమిషాలు దాటితే మెసేజ్ పెట్టి కూర్చోకుండా బండి తీయండి.

ఇంత చేసినా, "ఈ మందు దేనికండీ" అంటే విసుక్కునే డాక్టరైతే మార్చేయండి. పాత ఫైలు, టీకాల కార్డు, రిపోర్టులు మాత్రం వెంట తీసుకెళ్లండి. లేదంటే కొత్తచోట రక్తపరీక్షలన్నీ మళ్లీ మొదటి నుంచి చేయించాల్సి రావొచ్చు.