నీళ్లు 98 దగ్గరే ఆగిపోయాయా? ఉష్ణం, స్థితి మార్పు: సమస్య - పరిష్కారం

ఉప్పల్‌లో మా ఇంటి వెనక గదిలో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు సైన్సు చెబుతాను. ఉష్ణం పాఠం మొదలైందంటే ఏటా అవే మాటలు వినిపిస్తాయి. "టీచర్, థర్మామీటర్ పాడైంది", "టీచర్, లెక్క కరెక్టే కానీ ప్రయోగంలో రావట్లేదు". చాలాసార్లు థర్మామీటరూ బాగానే ఉంటుంది, పిల్లల చెయ్యీ బాగానే ఉంటుంది. వేడి, ఉష్ణోగ్రత ఒకటే అనుకోవడంతోనే చిక్కు వస్తుంది. పొయ్యి నుంచి గిన్నెలోకి వెళ్లేది వేడి, థర్మామీటర్ చూపించేది ఉష్ణోగ్రత. వేడి లోపలికి వెళ్తూనే ఉన్నా ఉష్ణోగ్రత కదలని సమయాలు ఉంటాయి. ఐసు కరుగుతున్నప్పుడు అలాగే ఉంటుంది, నీళ్లు మరుగుతున్నప్పుడు అలాగే ఉంటుంది. ప్రయోగంలోనూ వంటింట్లోనూ ఎదురయ్యే ఇబ్బందులు ఎక్కువగా అక్కడే పుడతాయి కాబట్టి రెండూ కలిపే రాస్తున్నాను.

ఒక జాగ్రత్త ముందే చెప్పాలి. జ్వరం చూసే థర్మామీటర్‌ను వేడినీళ్లలో పెట్టొద్దు. దాని కొలత 42 డిగ్రీల (ఇక్కడ అన్నీ సెల్సియస్‌లోనే) దగ్గరే అయిపోతుంది, గాజుదైతే పగిలిపోతుంది. 110 దాకా చూపించే ల్యాబ్ థర్మామీటర్ కావాలి. పొయ్యి దగ్గర పెద్దవాళ్లు ఉండాలి.

నీళ్లు సలసలా మరుగుతున్నాయి, థర్మామీటర్ మాత్రం 98 దాటడం లేదు

పోయినేడాది ఒక పిల్లాడు రికార్డులో 98 అని రాసి, పుస్తకంలో 100 ఉందని చూసి, రబ్బరుతో ఎంత గట్టిగా చెరిపాడంటే అక్కడ కాగితం చిరిగింది. ఆ చిరిగిన చోట 100 వేశాడు. నాకు బాధేసింది, ఎందుకంటే వాడు చెరిపేసిందే సరైన జవాబు.

నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయన్న మాట సముద్ర మట్టం దగ్గరి గాలి పీడనానికి చెప్పింది. హైదరాబాద్ సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది. ఎత్తు పెరిగేకొద్దీ మన నెత్తిన ఉండే గాలి తగ్గుతుంది, పీడనం తగ్గుతుంది, నీటి అణువులు ఆవిరిగా బయటపడడం కాస్త తేలికవుతుంది. సుమారు ప్రతి 300 మీటర్లకు మరిగే స్థానం ఒక డిగ్రీ దిగుతుంది. మన దగ్గర అది 98కి కాస్త పైన ఉంటుంది. అదే థర్మామీటర్‌తో మచిలీపట్నంలో చేస్తే 100 వస్తుంది.

అయినా థర్మామీటర్ మీద అనుమానం పోకపోతే ఐసుతో పరీక్షించండి. ఐసును గుడ్డలో చుట్టి రోకలితో దంచి గ్లాసు నిండా వేసి, కాసిని నీళ్లు పోసి, బాగా కలుపుతూ బల్బును మధ్యలో ఉంచండి. 0 చూపిస్తే థర్మామీటర్ మంచిదే. 2 చూపిస్తే ప్రతి కొలతలోంచీ 2 తీసేయాలి.

98కి బదులు 102, 103 వచ్చిందంటే బల్బు గిన్నె అడుగుకు తగులుతోంది. అది నీటి ఉష్ణోగ్రత కాదు, లోహానిది. దారంతో వేలాడదీసి నీటి మధ్యలో ఉంచండి. "మాది బోరు నీళ్లు కదా టీచర్, అందుకేనా?" అని అడుగుతారు. బోరు నీటిలో ఉండే లవణాలు మరిగే స్థానాన్ని డిగ్రీలో పదో వంతు కూడా మార్చవు. అలాగే 50, 60 డిగ్రీల దగ్గరే గిన్నె గోడలకు చిన్న చిన్న బుడగలు కనబడితే మరిగినట్టు కాదు. నీటిలో కరిగి ఉన్న గాలి వేడికి బయటికి వస్తోంది, అంతే. అడుగు నుంచి పెద్ద బుడగలు లేచి పైదాకా వచ్చి పగలాలి, అప్పుడే కొలత రాసుకోండి.

మంట పెంచినా కొలత పెరగడం లేదు, పప్పూ ఉడకడం లేదు

ప్రయోగంలో పిల్లలు, వంటింట్లో మనం చేసే పొరపాటు ఇది ఒకటే. మరగడం మొదలయ్యాక ఇచ్చే వేడంతా నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 540 కేలరీలు కావాలి. (మన ఊరి ఎత్తు మీటర్లలో కూడా దాదాపు అదే అంకె. సంబంధం ఏమీ లేదు కానీ పిల్లలకు ఇలా చెబితే మర్చిపోరు.) అదే గ్రాము నీరు 30 నుంచి 98 దాకా వేడెక్కడానికి 68 కేలరీలు చాలు. అంటే ఐదు నిమిషాల్లో మరిగిన నీళ్లు అదే మంట మీద పూర్తిగా ఇగిరిపోవడానికి సుమారు నలభై నిమిషాలు పడుతుంది. ఆ నలభై నిమిషాలూ థర్మామీటర్ కదలదు. ఇంత వేడి కంటికి కనబడకుండా ఎక్కడికో పోతోందని 1760ల మొదట్లో గ్లాస్గోలో ప్రయోగాలు చేసి పట్టుకున్నవాడు జోసెఫ్ బ్లాక్ అనే శాస్త్రవేత్త. ఉష్ణోగ్రత పెంచకుండా స్థితి మార్చడానికే పోయే ఈ వేడిని గుప్తోష్ణం అంటారు, ఆ మాటలో గుప్తం అన్నది ఇదే.

కాబట్టి మూత లేని గిన్నెలో పప్పు ఉడుకుతుంటే పెద్ద మంట పెట్టినా సన్న మంట పెట్టినా పప్పుకు తగిలేది ఆ 98 డిగ్రీలే. పెద్ద మంటతో ఎక్కువయ్యేది గ్యాసు ఖర్చు, వంటింట్లో ఆవిరి. మరగడం మొదలవగానే సిమ్‌లో పెట్టి మూత వేయండి. త్వరగా కావాలంటే మరిగే స్థానాన్నే పైకి జరపాలి. కుక్కర్ చేసే పని అదే. ఆవిరిని లోపల బంధించి పీడనం పెంచితే నీళ్లు 120 డిగ్రీల దగ్గర గానీ మరగవు. డెనీ పాపిన్ అనే శాస్త్రవేత్త 1679లోనే ఇలాంటి గట్టి మూత పాత్ర చేసి చూపించాడు.

కుక్కర్ పెట్టి పావుగంటైనా విజిల్ రాకపోతే మూత అంచు చుట్టూ చూడండి. ఆవిరి సన్నగా పోతుంటే గ్యాస్కెట్ గట్టిపడిందో, సాగిందో. కొత్తది మార్చాలి. అంచు పొడిగానే ఉండి విజిల్ రావడం లేదంటే అది ప్రమాదం. విజిల్ రంధ్రంలో పప్పు పొట్టు అడ్డుపడి ఉండొచ్చు. వెంటనే స్టవ్ కట్టేసి, పూర్తిగా చల్లారేదాకా మూత ముట్టుకోవద్దు.

80 డిగ్రీల నీళ్లలో ఐసు వేస్తే 40 రావాలి కదా, ఇంత చల్లగా ఎందుకొచ్చింది?

పిల్లలను అన్నిటికంటే ఎక్కువ ఆశ్చర్యపరిచేది ఇదే, నాకూ చాలా ఇష్టమైంది. 100 గ్రాముల ఐసు, 80 డిగ్రీల నీళ్లు 100 గ్రాములు. సగటు తీస్తే 40. ఒక అమ్మాయి కాగితం మీద 40 రాసి, చుట్టూ గీత గీసి, థర్మామీటర్ వంకే చూస్తూ కూర్చుంది. అది 40 దాటి కిందికి జారింది. 20 దాటింది. 10 దాటింది. "టీచర్, ఇంకా దిగుతోంది" అంటున్నప్పుడు తన గొంతు మారిపోయింది.

సగటు తీయడం నీళ్లూ నీళ్లూ కలిపినప్పుడు పనికొస్తుంది. ఐసు ముందు కరగాలి. గ్రాముకు 80 కేలరీల చొప్పున 100 గ్రాములకు 8000 కేలరీలు కావాలి. 80 డిగ్రీల నీళ్లు 0 దాకా చల్లబడితే ఇచ్చేదీ సరిగ్గా 8000 కేలరీలే. ఉన్నదంతా కరగడానికే అయిపోయింది, వేడెక్కడానికి ఏమీ మిగల్లేదు. లెక్క ప్రకారం చివరికి 0 డిగ్రీల నీళ్లే రావాలి. థర్మోకోల్ కప్పులో చేస్తే 0కి కాస్త పైన ఆగుతుంది. ఐసును తూచే ముందు గుడ్డతో తడి తుడవాలి, లేకపోతే ఐసు పేరుతో నీళ్లు తూచినట్టవుతుంది.

రెండూ నీళ్లే అయినా లెక్క తప్పుతోందంటే పాత్రను చూడండి. 80 డిగ్రీల నీళ్లు 100 గ్రాములు, 30 డిగ్రీల నీళ్లు 100 గ్రాములు కలిపితే 55 రావాలి. చల్లనీళ్లు 150 గ్రాముల స్టీలు గ్లాసులో ఉంటే 53 వస్తుంది. ఉక్కు విశిష్టోష్ణం, అంటే ఒక గ్రామును ఒక డిగ్రీ వేడెక్కించడానికి కావలసిన వేడి, సుమారు 0.12 కేలరీలు (నీటికి 1) కాబట్టి ఆ గ్లాసు 18 గ్రాముల నీటితో సమానం. అదీ తన వాటా వేడి లాక్కుంటుంది. గాలికి పోయేది వేరే. గ్లాసును లెక్కలో కలపండి, లేదా థర్మోకోల్ కప్పు వాడండి.

మేలో హాయిగా ఉన్న కూలర్ జులైలో జిడ్డు గాలి కొడుతోంది

కూలర్ మోటారు బాగుచేయించేవాళ్లు, గడ్డి మార్పించేవాళ్లు, చివరికి కొత్తది కొనేవాళ్లు ఉన్నారు. కొనే ముందు ఇది చదవండి.

కూలర్‌లో చల్లదనాన్ని తయారుచేసే యంత్రమేమీ లేదు. తడి గడ్డి గుండా గాలి వెళ్తుంటే నీరు ఆవిరవుతుంది, ఆవిరి కావడానికి కావలసిన వేడిని ఆ గాలి నుంచే తీసుకుంటుంది. మన ఎండాకాలంలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీటిని ఆత్రంగా పీల్చుకుంటుంది. మృగశిర కార్తె దాటి వానలు పడ్డాక గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది. ఇంకా ఆవిరి ఎక్కడ పడుతుంది? వానాకాలంలో పంపు ఆపేసి ఫ్యాన్ ఒక్కటే వేసుకోండి, ఒళ్లు కాస్త తేలికగా ఉంటుంది.

మేలోనే చల్లగా రావడం లేదంటే గది మూసి ఉందేమో చూడండి. ఏసీ అలవాటుతో తలుపులు, కిటికీలు బిగించేస్తారు. గంటలో గదంతా తేమ నిండి, కూలర్ అదే తడి గాలిని మళ్లీ మళ్లీ తిప్పుతుంది. కూలర్ వెనక భాగం బయటి గాలికి ఉండాలి, ఎదురుగా ఉన్న కిటికీ తెరిచి ఉండాలి.

ట్యాంకులో ఐసు వేస్తే? ఒక కిలో ఐసు కరిగితే 80 కిలోకేలరీల వేడి లాగుతుంది. ఒక లీటరు నీరు గడ్డి మీద ఆవిరైతే సుమారు 580 లాగుతుంది. (మామూలు ఎండలో ఆవిరయ్యే నీటికి 540 కంటే కాస్త ఎక్కువే కావాలి.) అంటే కిలో ఐసు చేసే పని ఒక చిన్న టీ గ్లాసుడు నీళ్లు ఆవిరైతే అయిపోతుంది. ఆ డబ్బుతో గడ్డి మార్పించుకోండి.

కుండలో నీళ్లు చల్లబడడం లేదు

ఇదీ కూలర్ సూత్రమే. కుండ గోడలోని సన్నని రంధ్రాల గుండా నీరు బయటికి ఊరి ఆవిరైతేనే లోపలి నీరు చల్లబడుతుంది. కుండ బయట అరచెయ్యి పెట్టి చూడండి. చల్లగా, తడిగా తగలాలి. పొడిగా ఉంటే రంధ్రాలు మూసుకుపోయాయి. బోరు నీటిలోని సున్నం తెల్లగా పేరుకుంటే అలా అవుతుంది. ఖాళీ చేసి కొబ్బరి పీచుతో లోపలా బయటా రుద్ది కడగండి, సబ్బు వద్దు, మట్టి దాన్ని పీల్చేస్తుంది. బయట పెయింట్ వేసిన కుండ ఎంత అందంగా ఉన్నా నీళ్లు చల్లబరచదు. తడిగానే ఉన్నా చల్లబడకపోతే చోటు మార్చండి. వంటింటి మూలలో కాకుండా గాలి ఆడే కిటికీ దగ్గర, నీడలో పెట్టాలి.

చిన్నవి మరో రెండు

పూజ గదిలో మూత సరిగా పెట్టని కర్పూరం డబ్బా నెల తిరిగేసరికి సగమైందంటే ఎవరూ తీయలేదు. కర్పూరం ద్రవంగా మారకుండానే ఆవిరైపోతుంది, దాన్ని ఉత్పతనం అంటారు. బిగుతు మూత ఉన్న డబ్బాలో పెట్టండి.

జనవరిలో కొబ్బరినూనె గడ్డకడితే కల్తీ అనుకొని పారబోయకండి. అది 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, మన చలికాలపు తెల్లవారుజాములు అంతకంటే చల్లగా ఉంటాయి. సీసాను పొయ్యి మీద పెట్టొద్దు. గోరువెచ్చని నీళ్ల గిన్నెలో పది నిమిషాలు ఉంచండి, చాలు.