చరిత్ర తేదీలకు ఊళ్లోనే కొండగుర్తులు

చెన్నైలో పన్నెండో తరగతి చరిత్ర చదివే మన పిల్లలు తేదీలను వరుసగా వల్లె వేయడం కన్నా, ఒక్కో తేదీని తాము తరచూ దాటిపోయే చోటుతో ముడివేసుకుంటే పరీక్ష హాల్లో తడబాటు ఉండదు. హైకోర్టు తూర్పు ప్రహరీకి ఉన్న చిన్న ఫలకం, 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మనీ నౌక ఎమ్డెన్ ఈ నగరంపై గుండ్లు కురిపించిన సంగతి చెబుతుంది. మొదటి ప్రపంచ యుద్ధానికి అంతకన్నా మంచి గుర్తు దొరకదు. సెయింట్ జార్జి కోటను 1746లో పట్టుకున్న ఫ్రెంచివారు 1749లో ఆంగ్లేయులకు తిరిగి ఎందుకిచ్చారన్న ప్రశ్నకు జవాబు, అంతకు ముందటి ఏడాది ఐరోపాలో కుదిరిన ఎక్స్-లా-షపెల్ సంధిలో ఉంది కనుక, నోటు పుస్తకంలో తేదీ పక్కనే ఆ కారణాన్ని సొంత మాటల్లో ఒక్క వాక్యంగా రాసుకోవాలి. (కోటకు 1639లో స్థలమిచ్చిన దామర్ల వెంకటాద్రి నాయకుడు తెలుగువాడే కాబట్టి, ఆ తేదీని మా ఇంట్లో పెద్దలే కంఠతా పట్టించారు.)