ట్రయల్స్ సైకిలుకు బ్రేకులు ఎంచుకోవడం, వాటిని కాపాడుకోవడం ఎలా?

కాలు నేలకు ఆనించకుండా బండరాళ్ళ మీదికీ, దుంగల మీదికీ, గోడల అంచుల మీదికీ సైకిలును ఎగిరించి ఎక్కించే ఆటను ట్రయల్స్ అంటారు. మోటారు సైకిల్ ట్రయల్స్‌ను చూసి స్పెయిన్‌లోని కాటలోనియా ప్రాంతంలో రూపుదిద్దుకున్న ఈ ఆటకు 1986 నుంచి అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ప్రపంచ పోటీలు జరుపుతోంది. నేను జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఉంటూ, దగ్గరలోని ష్వేబిష్ ఆల్ప్ కొండల సున్నపురాళ్ళ మీద కొన్నేళ్ళుగా ఈ సైకిలు తొక్కుతున్నాను. కొత్తగా మొదలుపెట్టేవారు ఎక్కువగా పొరబడేది బ్రేకుల దగ్గరే కనుక ఈ వ్యాసంలో ఎక్కువ భాగం వాటికే కేటాయిస్తున్నాను.

మామూలు సైకిలు బ్రేకు పని వేగాన్ని తగ్గించడం. ట్రయల్స్ బ్రేకు పని చక్రాన్ని కదలకుండా పట్టి ఉంచడం. వెనుక చక్రం ఒక్కటే రాతి అంచున ఆని ఉండగా, మనిషి బరువంతా దాని మీద పడి అది వెనక్కి దొర్లబోయే క్షణంలో, ఒక్క వేలితో నొక్కిన లీవరు ఆ చక్రాన్ని గూటంలా బిగించాలి. ఇక్కడ బ్రేకు వేడెక్కదు కాబట్టి, కొండ దిగే సైకిళ్ళ బ్రేకుల గురించి చెప్పే వేడి తట్టుకునే గుణాలతో మనకు పెద్దగా పని లేదు. మన వేలికీ రాతికీ మధ్య వంగేది, సాగేది, ఊగేది ఏదీ ఉండకూడదన్నదే అసలు లెక్క.

రిమ్ము బ్రేకా, డిస్కు బ్రేకా?

ముందు తేల్చుకోవలసిన విషయం ఇది. రిమ్ము బ్రేకు ప్యాడ్లు చక్రం అంచునే రెండు వైపుల నుంచి నొక్కి పట్టుకుంటాయి. డిస్కు బ్రేకు ప్యాడ్లు చక్రం నడుమ ఉండే హబ్బుకు బిగించిన లోహపు పళ్ళేన్ని పట్టుకుంటాయి. 26 అంగుళాల చక్రంలో టైరు కూర్చునే చోట రిమ్ము వ్యాసం 559 మిల్లీమీటర్లు, అంటే ప్యాడ్లు ఇరుసు నుంచి సుమారు 28 సెంటీమీటర్ల దూరంలో పట్టు పడతాయి. 160 మిల్లీమీటర్ల డిస్కులో ఆ దూరం 8 సెంటీమీటర్లకు లోపే. తలుపును బందుల దగ్గర పట్టి ఆపడానికీ, పిడి దగ్గర పట్టి ఆపడానికీ ఉన్నంత తేడా ఇది. పైగా డిస్కు పట్టిన పట్టు హబ్బు నుంచి చువ్వల ద్వారా రిమ్ముకు చేరాలి. చువ్వలు కాస్త వదులైనా చక్రం వెంట్రుకవాసి మెలిక తిరిగి, ఆ తర్వాతే గట్టిపడుతుంది. డిస్కు కాలిపర్‌లో, అంటే ప్యాడ్లను పట్టి ఉంచే దిమ్మెలో, ప్యాడ్లకు ఉండే కొద్దిపాటి సందు వల్ల కూడా, వెనక్కి దొర్లబోయిన చక్రం టక్కుమని చిన్న కుదుపు ఇచ్చి ఆగుతుంది.

అలాగని డిస్కుకు గుణాలు లేవని కాదు. రిమ్ము రాతికి తగిలి వంకర పోయినా అది పనిచేస్తూనే ఉంటుంది, తడిలోనూ బురదలోనూ నమ్మవచ్చు, చప్పుడు తక్కువ. 24 అంగుళాల చక్రాలతో వీధుల్లో విన్యాసాలు చేసేవారు, వేగంగా వచ్చి ముందు చక్రం మీద నియంత్రణతో ఆగవలసిన అవసరం ఉంటుంది కాబట్టి, దానినే ఎక్కువగా కోరుకుంటారు. నా అభిప్రాయం అడిగితే, 20 లేదా 26 అంగుళాల పోటీ సైకిలుకు వెనుక హైడ్రాలిక్ (తీగ బదులు గొట్టంలోని ద్రవంతో పనిచేసే) రిమ్ము బ్రేకు, ముందు 160 లేదా 180 మిల్లీమీటర్ల డిస్కు పెట్టుకుని మొదలుపెట్టమంటాను.

రిమ్ము బ్రేకుల్లో ఎక్కువ మంది వాడేది జర్మనీలోని బాట్ ఉరాఖ్‌కు చెందిన మగురా కంపెనీ హెచ్‌ఎస్ 33. డిస్కుల్లో ఇంగ్లండ్‌కు చెందిన హోప్, జపాన్‌కు చెందిన షిమానో పేర్లు తరచుగా వినిపిస్తాయి. కొనేముందు ఫ్రేము చూసుకోండి: రిమ్ము బ్రేకు బిగించే నాలుగు బోల్టుల అమరిక ఉందా, డిస్కు కాలిపర్ బిగించే చెవులు ఉన్నాయా అన్నది ఫ్రేముతోనే తేలిపోతుంది, తర్వాత మార్చుకోలేము.

ఇంకొక మాట. మగురా, షిమానో బ్రేకుల్లో ఉండేది మినరల్ ఆయిల్. హోప్ బ్రేకుల్లో ఉండేది కార్లు, బైకుల బ్రేకుల్లో వాడే డాట్ ఫ్లూయిడ్. ఒకదానిలో మరొకటి పోస్తే లోపలి రబ్బరు సీళ్ళు పాడై బ్రేకు పనికిరాకుండా పోతుంది. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉండేవారికి డాట్ 4 ఫ్లూయిడ్ ఏ ఆటోమొబైల్ దుకాణంలోనైనా దొరుకుతుంది, మినరల్ ఆయిల్ మాత్రం తెప్పించుకోవాలి. ఎంపికలో దీనినీ లెక్కలోకి తీసుకోవడం తెలివైన పనే. డాట్ ఫ్లూయిడ్ రంగును తినేస్తుంది, గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక మూత తీసిన సీసాను నెలల తరబడి దాచి వాడకండి.

రిమ్మును గరుకు చేయడం

నున్నటి అల్యూమినియం రిమ్ము మీద ఎంత మంచి ప్యాడైనా జారుతుంది. అందుకు రెండు దారులున్నాయి. రిమ్ము పక్కల మీద చిటికెడు తారు రుద్దడం మొదటిది. పొడిగా ఉన్నంతసేపు పట్టు బాగానే ఉంటుంది, చుక్క నీరు పడితే పోతుంది. యాంగిల్ గ్రైండరుతో రిమ్ము పక్కలను గరుకు చేయడం రెండవది. పోటీల్లో పాల్గొనేవారు ఎక్కువగా ఎంచుకునేది ఇదే, నేను చేసేదీ ఇదే.

టైరు, ట్యూబు విప్పి చక్రాన్ని ఫ్రేములో బిగించండి. డిస్కు, హబ్బుల మీద గుడ్డ చుట్టండి. కళ్ళద్దాలు, ముక్కుకు మాస్కు లేకుండా మిషను ఆన్ చేయవద్దు. ఇనుముకు వాడే బిళ్ళలో అల్యూమినియం పొడి ఇరుక్కుని బిళ్ళ మూసుకుపోతుంది, వేడెక్కి ప్రమాదం కూడా కావచ్చు. రాతికి వాడే బిళ్ళ తీసుకోండి. బిళ్ళ అంచును రిమ్ముకు ఏటవాలుగా, ఈకతో తాకినంత తేలికగా ఆనించి తీసేయాలి. 2, 3 మిల్లీమీటర్ల ఎడంతో గీత పక్కన గీత పడుతూ చక్రమంతా తిరిగి రావాలి. గోరుతో అడ్డంగా గీస్తే ఉప్పుకాగితం మీద గీసినట్టు గరగరలాడాలి గానీ గోరు గాడిలో దిగబడకూడదు. దిగబడిందంటే లోహం ఎక్కువగా పోయిందన్నమాట.

గీతలు కొన్ని నెలలకు అరిగిపోతాయి, మళ్ళీ పెట్టాలి, పెట్టిన ప్రతిసారీ రిమ్ము గోడ పలచబడుతుంది. స్టీలు స్కేలును రిమ్ము పక్కకు నిలువుగా ఆనించి చూడండి. మధ్యలో గుంట కనిపించినా, అంచు బయటికి ఉబ్బినా ఆ రిమ్మును ఇక వాడకండి.

ప్యాడ్లు, బూస్టరు

గరుకు రిమ్ముకు దాని కోసమే చేసిన గట్టి ప్యాడ్లు కావాలి. బ్రేకుతో పాటు వచ్చే నల్లటి ప్యాడ్లను ఆ గీతలు కొద్ది రోజుల్లోనే కొరికేస్తాయి. ప్యాడ్ వెనుక ప్లాస్టిక్ బదులు అల్యూమినియం పలక ఉన్నవి కొంచెం ఖరీదైనా అవే తీసుకోండి, నొక్కినప్పుడు వంగవు.

అమర్చేటప్పుడు ప్యాడ్ ముఖమంతా ఒకేసారి రిమ్మును తాకాలి. పై అంచు టైరును రాసుకోకూడదు, కింది అంచు రిమ్ము దాటి జారకూడదు. బోల్టులు సగం బిగించి, లీవరు నొక్కి పట్టుకుని, ప్యాడ్ రిమ్ము మీద తనంతట తాను సర్దుకున్నాక పూర్తిగా బిగిస్తే ఈ పని సులువవుతుంది. ఒక్కో వైపు 1 నుంచి 2 మిల్లీమీటర్ల సందు చాలు. రిమ్ము బెండు తీయకుండా ఇంత తక్కువ సందు పెట్టలేరు కనుక ముందు ఆ పని చేయించండి.

తర్వాత ఒక పరీక్ష. సీటు కింది నుంచి వెనుక ఇరుసు దాకా వచ్చే రెండు గొట్టాలను బొటనవేలు, చూపుడువేళ్ళ మధ్య పట్టుకుని, పక్కనున్నవారిని లీవరు గట్టిగా నొక్కమనండి. గొట్టాలు విచ్చుకుంటున్నట్టు వేళ్ళకు తెలిస్తే, నొక్కిన బలంలో కొంత రిమ్ముకు చేరకుండా ఫ్రేమును వంచడానికే పోతున్నదన్నమాట. రెండు వైపుల బోల్టులను కలుపుతూ గుర్రపునాడా ఆకారంలో బిగించే బూస్టరు పలక దీనికి మందు. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత తేడా తెచ్చే వస్తువు ఈ సైకిలులో మరొకటి లేదు.

హోసులోని గాలి తీయడం

లీవరు స్పాంజిలా మెత్తగా దిగితే లోపల గాలి ఉంది. మగురా రిమ్ము బ్రేకులో గాలి తీయడానికి రెండు సిరంజిలు, ఆయిల్, గుడ్డ ఉంటే చాలు. లీవరు మీది సర్దుబాటు మరను పూర్తిగా వెనక్కి తిప్పండి. గాలి పైకి పోతుంది కాబట్టి, మొత్తం బ్రేకులో లీవరు రంధ్రమే అన్నిటికంటే ఎత్తున ఉండేలా సైకిలును నిలపండి. చక్రం దగ్గర ప్యాడును తోసే సిలిండరు రంధ్రానికి ఆయిల్ నింపిన సిరంజిని, పై రంధ్రానికి ఖాళీ సిరంజిని తగిలించి, కింది నుంచి పైకి నెమ్మదిగా తోయండి. బుడగలు సాధారణంగా దాక్కునేది రెండు సిలిండర్లను కలిపే చిన్న గొట్టంలోనే. దానిని స్క్రూడ్రైవరు పిడితో తట్టుతూ ఉంటే ఒక్కొక్కటే కదిలి పైకి వస్తాయి. పై సిరంజిలోకి బుడగ లేని ఆయిల్ వచ్చేదాకా ఆపకండి.

ఆయిల్ కంటే నీరు పలుచన కాబట్టి లీవరు చురుగ్గా తిరిగి వస్తుందని కొందరు ఈ బ్రేకులో నీరు నింపుతారు. నేనూ ఒక వేసవిలో నింపాను. నిజంగానే హాయిగా ఉంది. జనవరిలో ఒక ఉదయం సైకిలు బయటికి తీస్తే లీవరు రాయిలా ఉంది, నీరు గడ్డకట్టింది. కరిగాక చూస్తే సీలు దగ్గర చెమర్పు మొదలై, సిలిండరునే మార్చవలసి వచ్చింది. గడ్డకట్టే చలి లేని మన ఊళ్ళలోనూ నీటితో లోపలి లోహానికి తుప్పు భయం ఉంటుంది కనుక కంపెనీ చెప్పిన ఆయిలే పోయమంటాను.

డిస్కు విషయంలో జాగ్రత్తలు

కొత్త ప్యాడ్లు మొదట్లో పట్టవు. కొంచెం వేగంగా పోనిచ్చి, చక్రం బిగుసుకుపోకుండా నెమ్మదించడం ఇరవై ముప్పై సార్లు చేయాలి. ట్రయల్స్ సైకిలులో ముందు 18 పళ్ళు, వెనుక 12 లేదా 15 పళ్ళు మాత్రమే ఉంటాయి కాబట్టి తొక్కి వేగం తెచ్చుకోవడం కష్టం. చిన్న వాలు రోడ్డు మీదికి తీసుకువెళ్ళండి. చైనుకు స్ప్రే నూనె కొడితే దాని తుంపర కంటికి కనపడకుండా డిస్కు మీద వాలుతుంది, నూనె పీల్చుకున్న ప్యాడ్ మళ్ళీ మామూలుగా మారడం అరుదు. చైనుకు చుక్కల నూనె మాత్రమే వేసి, డిస్కును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. షిమానో డిస్కు 1.5 మిల్లీమీటర్లకు, ప్యాడ్ పదార్థం అర మిల్లీమీటరుకు అరిగితే మార్చాలి.

ఫ్రీవీలు, చైను

ఈ సైకిళ్ళలో ఫ్రీవీలు చాలావరకు ముందు, పెడల్ క్రాంకు మీదే ఉంటుంది. అది ఎన్నిచోట్ల పట్టు పడుతుందన్నదే చూడవలసింది: 72 చోట్ల పట్టేదానికి పెడల్ గరిష్ఠంగా 5 డిగ్రీలు ఖాళీగా తిరుగుతుంది, 108 చోట్ల పట్టేదానికి 3.3 డిగ్రీలే. లోపల చిక్కటి గ్రీజు వేయకండి, పళ్ళను పట్టుకునే పట్టీలు అతుక్కుని సమయానికి లేవవు. పలుచని నూనె చాలు. చైను తెగినా, ఫ్రీవీలు జారినా మోకాలు నేరుగా హ్యాండిల్‌కు కొట్టుకుంటుంది. అందుకే చైనును గేజుతో కొలిచి, 0.75 శాతం సాగగానే మార్చేస్తాను.

హైదరాబాదు ఖాజాగూడ లాంటి చోట్ల గ్రానైటు గుండ్ల మీద తొక్కాలనుకునేవారు ఆ రాతి పొడిని ఎప్పటికప్పుడు రిమ్ము నుంచి తుడుచుకోవాలి. ప్యాడ్లు, హోసు చివర పెట్టే ఇత్తడి కంఠి, సీళ్ళు అక్కడి దుకాణాల్లో దొరకవు కనుక బ్రేకుతో పాటే ఒక జత అదనంగా తెప్పించుకోండి.

బయలుదేరే ముందు లీవరు నొక్కి సైకిలును ముందుకు తోసి చూడడం అందరూ చేస్తారు. వెనక్కి లాగి కూడా చూడండి, ఎందుకంటే రాతి అంచున చక్రం దొర్లబోయేది ఆ వైపే. వెనుక చక్రం మీద నిలబడి ఒక మెట్టంత ఎత్తు మీదికి అయిదారు సార్లు ఎగిరి దిగండి. పట్టు ప్రతిసారీ ఒకే చోట, ఒకేలా దొరికితేనే ఎత్తు పెంచండి.